మన బుల్లెట్ టాపెట్లు మనమే చూసుకుందాం

ఆదివారం పొద్దున్న మా ఇంటికి వచ్చినవాళ్ళకి నేను బ్యాంకు ఆఫీసరులా కనబడను. పాత లుంగీ, చిల్లులు పడ్డ బనీను, మోచేతుల దాకా నల్ల నూనె. ముందు పీట, పీట పక్కన మూడు పానాలు, ఎదురుగా స్టాండు వేసిన నా పాత బుల్లెట్. చూసినవాళ్ళు "ఇంత జీతం వస్తోంది, ఓ మెకానిక్కుకి ఇవ్వకూడదటండీ?" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఈ వ్యాసం వాళ్ళకి నా జవాబు.

ముందుగా ఒక మాట. నేను ఇంజనీరుని కాను. బరంపురం ఖల్లికోట కాలేజీలో బీకాం చదివినవాణ్ణి. డెబిట్టూ క్రెడిట్టూ తప్ప యంత్రాల సంగతి నాకెవరూ చెప్పలేదు. నాలాంటివాడు నేర్చుకోగలిగాడంటే మీలో ఎవరైనా నేర్చుకోగలరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

సాలూరు ఘాటీలో ఆ సాయంత్రం

1996లో నాకు కోరాపుట్ బదిలీ అయింది. కొండల ఊరు. అప్పట్లో బస్సులు తక్కువ, పనులు ఎక్కువ. ఒక సెకండ్‌హ్యాండ్ బుల్లెట్ 350 కొన్నాను. పోత ఇనుము సిలిండరు ఉన్న పాత రకం, కుడికాలి వైపు గేర్లు. ఈ బండి మనవాళ్ళకి కొత్తది కాదు. ఇంగ్లండు కంపెనీవారు మద్రాసు మోటార్స్ వారితో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. బళ్ళు తిరువొత్తియూరులో తయారయ్యేవి. మద్రాసులో ఉన్న మన బంధువుల ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఆ డుగ్‌డుగ్ శబ్దం వింటూ పెరిగిన తరం మాది.

1998 దసరాకి మా అత్తవారి ఊరు విజయనగరం వెళ్ళి తిరిగి కోరాపుట్ వస్తున్నాం. వెనక మా ఆవిడ, ముందు ట్యాంకు మీద నాలుగేళ్ళ అమ్మాయి. అప్పుడు అలాగే తిరిగేవాళ్ళం. ఇప్పుడైతే ఎవరినీ అలా తిరగమనను. బయల్దేరే ముందు రోజు ఒక దుకాణంలో సర్వీసు చేయించాను. బండి వేడిగా ఉండగానే ఆ కుర్రాడు టాపెట్ల మూత తీసి, "చాలా శబ్దం వస్తోంది సార్" అని బిగించేశాడు. తర్వాత స్టార్టు చేసి చూపించాడు. అబ్బ, కుట్టుమిషనులా ఎంత మెత్తగా ఉందో! సంతోషంగా పది రూపాయలు ఎక్కువిచ్చాను.

మర్నాడు పొద్దున్న స్టార్టు అవడానికి పాతిక కిక్కులు పట్టింది. కిక్కు రాడ్డు ఎప్పుడూ లేనంత తేలిగ్గా దిగిపోయింది. అది మంచి లక్షణం అనుకున్నాను! సాలూరు దాటి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. మూడో గేరులో లాగడం లేదు, రెండులో లాగడం లేదు. సైలెన్సరులో ఠప్ ఠప్‌మని పేలుళ్ళు. సుంకి ఇంకా పైన ఉందనగా బండి ఆగిపోయింది. పొద్దు వాలిపోయింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పిల్ల "నాన్నా, ఆకలి" అంటోంది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

గంటన్నర తర్వాత కిందికి దిగుతున్న ఒక లారీ ఆగింది. బండిని తాళ్ళతో కట్టి వెనక ఎక్కించి, మమ్మల్ని ముందు కూర్చోబెట్టి సాలూరులో దింపాడు ఆ డ్రైవరు. డబ్బులిస్తే తీసుకోలేదు. సాలూరు లారీలకి పేరుబడ్డ ఊరు కదా, మేస్త్రీలకి లోటు లేదు. ఆయనే ఒక పెద్దాయన షెడ్డు చూపించాడు.

మర్నాడు ఆ మేస్త్రి గారు హెడ్డు దింపి ఎగ్జాస్ట్ వాల్వు నా అరచేతిలో పెట్టారు. గుండ్రంగా ఉండవలసిన అంచు ఒక పక్క తినేసినట్టు కాలిపోయి ఉంది.

"ఇదేటి బాబూ, టాపెట్లు ఇలగ బిగించేసినారు?" అన్నారు.

"శబ్దం వస్తోందని బిగించాడండీ" అన్నాను.

"శబ్దమొస్తే బయమేటి బాబూ? వొదులుగుందని అదే సెప్తాది. బిగిసిపోతే మాటాడదు, కాలిపోద్ది. శబ్దం నేదంటేనే బయపడాల."

బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకి పైగా గడిపాను. ప్రతి నెలా వచ్చి వాయిదా కోసం దెబ్బలాడే ఖాతాదారు అప్పు ఎప్పుడూ మునగలేదు. ఏ గొడవా లేకుండా నిశ్శబ్దంగా ఉన్న ఖాతాలే మొండి బాకీలయ్యాయి. అంచేత ఆ మేస్త్రి మాట నాకు వెంటనే తలకెక్కింది. కొత్త వాల్వు వేసి రాపిడి పట్టేదాకా రెండు రోజులు ఆయన పక్కనే కూర్చున్నాను. అడిగినదల్లా విసుక్కోకుండా చెప్పారు. నేను రాసేదంతా ఆయన పెట్టిన భిక్షే.

ఈ సందు ఎందుకు?

నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు తలుపులుంటాయి. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చేది ఇన్లెట్ వాల్వు. కాలిన పొగ బయటికి పోయేది ఎగ్జాస్ట్ వాల్వు. కింద క్యామ్ తిరుగుతూ టాపెట్‌ని లేపుతుంది, టాపెట్ పుష్‌రాడ్డుని, పుష్‌రాడ్డు పైన రాకర్‌ని, రాకర్ వాల్వుని నొక్కుతుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే 1500 సార్లు. గంటకి 90,000 సార్లు. మేం బరంపురం నుంచి విశాఖపట్నం వెళ్ళడానికి ఐదు గంటలు ఆగకుండా నడిపితే నాలుగున్నర లక్షల సార్లు ఆ చిన్న తలుపు కొట్టుకుంటుంది.

ఎగ్జాస్ట్ వాల్వు తల మీదుగా మండే పొగ పోతుంది. ఆ వేడిని అది వదిలించుకునేది ఎక్కువగా మూసుకుని సీటు మీద ఆనినప్పుడే. టాపెట్ బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా ఆనదు. వేడి పోదు. పైగా ఆ సన్నని సందులోంచి మంట దూరి అంచుని కోసేస్తుంది. నా వాల్వుకి జరిగింది అదే. కంప్రెషను పోయింది కనకే కిక్కు తేలికైంది. మరీ వదులైతే వాల్వు పూర్తిగా తెరుచుకోదు, టక టక శబ్దం వస్తుంది, క్యామూ రాకరూ దెబ్బతింటాయి. అయితే దానికి చాలా కాలం పడుతుంది. బిగువు ఒక్క ఘాటీలో కొంప ముంచుతుంది.

వేడికి సిలిండరు, హెడ్డు, పుష్‌రాడ్డు, వాల్వు కాడ ఒక్కొక్కటి ఒక్కో లెక్కన పెరుగుతాయి. అందుకే టాపెట్లు ఎప్పుడూ ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నేను రాత్రి బండి ఆపితే పొద్దున్నే చూస్తాను. కాఫీ తాగడానికి ముందు.

పని ఎలా చెయ్యాలి?

నేను చెప్పేది పోత ఇనుము ఇంజనున్న పాత బుల్లెట్ సంగతి. దీనికి ఫీలర్ గేజి కూడా అక్కర్లేదు. మన వేళ్ళే గేజి.

మొదట తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. పెట్రోలు ట్యాప్ కట్టండి. సెంటర్ స్టాండు వెయ్యండి. స్పార్క్ ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊది, గుడ్డతో తుడిచి, అప్పుడు ప్లగ్గు విప్పండి. తుడవకుండా విప్పితే ఆ ఇసుక సిలిండరులో పడుతుంది.

కుడి పక్క సిలిండరు అడుగున ఒకే నట్టుతో బిగించిన చిన్న మూత ఉంటుంది. దాన్ని విప్పితే రెండు పుష్‌రాడ్ల కింది భాగాలు కనిపిస్తాయి. కొంచెం నూనె కారుతుంది, కింద పాత పేపరు వేసుకోండి. మూత ప్యాకింగు చినిగితే కొత్తది వెయ్యాలి కనక ఒకటి ముందే కొని ఉంచుకోండి.

ఇప్పుడు బండిని నాలుగో గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పండి. చైనుకీ స్ప్రాకెట్‌కీ మధ్య వేళ్ళు పెట్టకండి. టైరుని మాత్రమే పట్టుకోండి. పక్కన ఒకరిని ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టమనండి. లోపలి గాలి వేలిని తోస్తోందంటే పిస్టను కంప్రెషను కోసం పైకి వస్తోందన్నమాట. అప్పుడు వేలు తీసి, కూల్‌డ్రింకు తాగే పొడుగాటి ప్లాస్టిక్ స్ట్రా ఒకటి రంధ్రంలో పెట్టి నెమ్మదిగా తిప్పండి. స్ట్రా పైకి లేస్తూ లేస్తూ ఒకచోట ఆగుతుంది. పిస్టను శిఖరానికి చేరింది. ఇక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి. విరిగే పుల్లలూ, ఇనప చువ్వలూ లోపల పెట్టకండి. మా మేనల్లుడు అగ్గిపుల్ల పెట్టి, అది జారిపడితే సగం రోజు పోయింది.

ఇప్పుడు ఒక్కో పుష్‌రాడ్డునీ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పండి. ఇన్లెట్‌ది ఏ అడ్డూ లేకుండా తిరగాలి, కాని పైకీ కిందకీ ఆడకూడదు. ఎగ్జాస్ట్‌ది తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ ఉందా లేదా అన్నంత మాత్రం ఆడాలి. తిరగకపోతే బిగువు. పైకి లేపితే టిక్కుమంటే వదులు. రెండూ సరిగ్గా ఉంటే ముట్టుకోకండి. మూత పెట్టేసి కాఫీ తాగండి. బాగున్నదాన్ని బాగుచెయ్యడమే మన ఇళ్ళల్లో సగం నష్టాలకి కారణం.

సరిగ్గా లేకపోతే, అక్కడ ఒకదాని కింద ఒకటి మూడు ఆరుపలకల ముక్కలుంటాయి. నడిమిది లాక్‌నట్. పైదాన్నీ కిందిదాన్నీ పానాలతో పట్టుకుని, మూడో పానాతో లాక్‌నట్ వదులు చెయ్యాలి. సన్నని పానాలు కావాలి. మామూలువి లావుగా ఉండి పట్టవు. తర్వాత పైదీ కిందిదీ ఒకదానితో ఒకటి తిప్పితే పొడవు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఎనిమిదో వంతు చుట్టు కూడా చాలా ఎక్కువ. కావలసినంత వచ్చాక లాక్‌నట్ బిగించి మళ్ళీ తిప్పి చూడండి. బిగించేటప్పుడు అమరిక కొంచెం కదులుతుంది. నాకు మొదట్లో ఆరేడుసార్లు చెయ్యవలసి వచ్చేది. ఆ తర్వాత చక్రాన్ని రెండు చుట్లు ఇంజను తిరిగేలా తిప్పి, మళ్ళీ శిఖరానికి తెచ్చి, ఇంకోసారి చూడండి. మా బ్యాంకులో ఒకరు రాసింది ఇంకొకరు సరిచూసినట్టన్నమాట.

ఎలాగూ కూర్చున్నారు కనక ప్లగ్గు కూడా శుభ్రం చేసి సందు అర మిల్లీమీటరు ఉండేలా చూడండి. కాంటాక్ట్ పాయింట్లున్న బండి అయితే పాయింట్లు పూర్తిగా విప్పుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. దీనికి మాత్రం ఫీలర్ గేజి తప్పదు. చైను మధ్యలో పట్టుకుని లేపితే 25, 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడ కొలవాలి.

అన్ని బళ్ళకీ ఈ పద్ధతి పనికిరాదు. 2009లో వచ్చిన క్లాసిక్ బుల్లెట్లలో హైడ్రాలిక్ టాపెట్లు, నూనె ఒత్తిడితో అవే సర్దుకుంటాయి. హిమాలయన్ లాంటి బళ్ళలో పైన మూత తీసి ఫీలర్ గేజితో కొలవాలి. మీ బండి పుస్తకంలో ఏ కొలత రాస్తే అదే. పక్కింటివాడి కొలత మీ బండికి పెట్టకండి.

ఒక నోటు పుస్తకం

పానాల కంటే ముఖ్యమైనది నోటు పుస్తకం. 1998 నుంచి నేను తేదీ, కిలోమీటర్లు, మూత తీసినప్పుడు ఎలా ఉంది, మూసినప్పుడు ఎలా ఉంచాను అని నాలుగు గళ్ళు గీసి తెలుగులో రాస్తున్నాను. దూర ప్రయాణానికి ముందూ, మామూలుగా మూడువేల కిలోమీటర్లకీ చూస్తాను. ఒకసారి చూస్తే ఏమీ తెలియదు. పది పద్దులు వరసగా చదివితే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది. ఎగ్జాస్ట్ ప్రతిసారీ బిగుసుకుంటూ వస్తోందంటే వాల్వు సీటులోకి దిగిపోతోందని అర్థం. 2011లో వరసగా నాలుగు పద్దుల్లో "ఎగ్జాస్ట్ బిగువు" అని చూసి, బండి బాగా నడుస్తుండగానే హెడ్డు విప్పించాను. వాల్వు కాలడం అప్పుడే మొదలైంది. దారిలో ఆగిపోకుండా ఇంటి దగ్గరే పని అయిపోయింది.

తప్పు నాదే

ఇక అసలు చెప్పాలనుకున్నది. 2024 సంక్రాంతికి మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. ట్యాంకు మీద కూర్చుని ఆకలన్న పిల్లే, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. బండి స్టార్టు చేసి, ఓ నిమిషం విని, "నాన్నా, టాపెట్ కొట్టుకుంటోంది" అంది.

"లేదమ్మా, మొన్ననే చూశాను. చక్కగా ఉంది" అన్నాను.

"టక టకమంటోంది నాన్నా. నీకు వినబడటం లేదూ?"

నాకు కోపం వచ్చింది. పాతికేళ్ళుగా నేను చూస్తున్న బండి! తెలిసీ తెలియని మాటలు మాట్లాడొద్దన్నాను. అది ఊరుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొన్నాళ్ళుగా బ్యాంకులో కౌంటరు అవతలి మనుషులని రెండోసారి చెప్పమంటున్నాను. టీవీ శబ్దం ఎక్కువ పెడుతున్నానని మా ఆవిడ సణుగుతోంది. ఇంజను ఈమధ్య చాలా మెత్తగా నడుస్తోందని నేను మురిసిపోతున్నాను. 1998లోనూ అలాగే మురిశాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కూర్చుని మూత తీశాం. ఎగ్జాస్ట్ పుష్‌రాడ్డు పట్టుకుని లేపితే నా వేళ్ళకే స్పష్టంగా తెలిసింది. చాలా వదులు. లాక్‌నట్ చేత్తో తిరుగుతోంది. క్రిందటిసారి నేను సరిగ్గా బిగించలేదు, బిగించాక మళ్ళీ చూడలేదు. ఇరవయ్యారేళ్ళు ఆ దుకాణం కుర్రాణ్ణి తిట్టుకున్నవాణ్ణి, అతని లాంటి తప్పే నేనూ చేశాను. అతను శబ్దం విని బిగించాడు, నేను శబ్దం వినక వదిలేశాను.

"నువ్వు చెయ్యమ్మా" అని పీట జరిపి ఇచ్చాను. నేను చక్రం తిప్పాను, అది రంధ్రం మీద వేలు పెట్టింది. మొదటిసారే దానికి మూడుసార్లలో కుదిరింది. తర్వాత నోటు పుస్తకం తీసింది. మా పిల్లలు ఒడియా, ఇంగ్లీషులలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవడం కూడబలుక్కుని. పాత పద్దులు ఒక్కొక్కటే చదువుకుంటూ, "బిగువు అంటే టైట్ కదా నాన్నా?" అని అడుగుతూ కూర్చుంది. చివరికి తనే తెలుగులో పద్దు రాసింది. "వదులు"లో దకి ఒత్తు పెట్టింది. నేను దిద్దలేదు.

ఆ వారమే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడి చెవిలో సన్నని శబ్దాలు బాగా తగ్గాయని పరీక్షలో తేలింది. వినికిడి యంత్రం పెట్టుకున్నాను. మొదటి రోజు బండి స్టార్టు చేస్తే ఎన్నెన్ని శబ్దాలో! మన వయసు పాఠకులకి ఒక మనవి. ఇంట్లో పిల్లలు "వినబడటం లేదా?" అంటే కోప్పడకుండా ఒకసారి పరీక్ష చేయించుకోండి. టాపెట్ల సంగతి మాత్రం చెవులకి వదలకండి. చల్లటి ఇంజను, రెండు వేళ్ళు, ఒక నోటు పుస్తకం. చెవి అనుమానం చెప్పడానికే, తీర్పు వేళ్ళదే.

1998 తర్వాత మేం బండి మీద ఎక్కడికి బయల్దేరినా మా ఆవిడ గడపలో నిలబడి, "ఏమండీ, టాపెట్లు చూశారా?" అని అడగడం అలవాటు. మిగతా ఇళ్ళల్లో తాళం వేశారా, గ్యాసు కట్టారా అని అడిగినట్టు. ఆ సంక్రాంతి వెళ్ళాక నేనూ అమ్మాయీ సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్ళడానికి బయల్దేరాం. అమ్మాయి నడుపుతోంది, నేను వెనక కూర్చున్నాను. మా ఆవిడ ఎప్పటిలాగే గడపలోకి వచ్చింది. ఈసారి ఆ ప్రశ్న నన్ను అడగలేదు, దాన్ని అడిగింది.